కిటికీ లెక్క

సాక్సనీ కొండల్లోని మా ఊళ్ళో
ఆగమన కాలపు మొదటి ఆదివారం దాటితే
నేనింక సంచిలోంచి టార్చి తీయను.
నాలుగింటికే పొద్దు గూకినా
కిటికీలే దారి చూపిస్తాయి.

ఇరవై రెండేళ్ళుగా ఉత్తరాలు పంచుతున్నదాన్ని.
ఎవరింటి అలంకారం ఏ ఏడు ఎలా మారిందో
వాళ్ళకంటే నాకే బాగా గుర్తు.

మందుల షాపు వాళ్ళది ఈసారి అంతా తెలుపూ వెండీ.
చెట్టు కూడా తెల్లదే, ప్లాస్టిక్కుది,
బయట నిజం మంచు మోకాలి లోతున ఉండగా.
ఆ ఫ్యాషను పత్రికని అక్టోబరులో
నేనే తెచ్చి ఇచ్చాను కాబట్టి నోరు మెదపను.

టీచరు డ్రెక్సెల్ గారింట్లో గళ్ళ రిబ్బన్లు,
ఎండబెట్టిన నారింజ చక్రాలు, మధ్యలో దాల్చిన చెక్క.
ఆవిడ తలుపు తీస్తే
కాళ్ళకంటే ముందు నా ముక్కు లోపలికి వెళ్ళిపోతుంది.

కొత్తగా దిగిన కుర్రజంటకి చెట్టే లేదు.
ఎండుకొమ్మలు ఐదు, పొట్టిది పైన, పొడుగుది కింద,
తాడు కట్టి గోడకి వేలాడదీసి
ఇదే మా చెట్టు అన్నారు.
అవునన్నాను మర్యాదకి.
మూడోరోజుకి నాకూ అవునే అనిపించింది.

బేకరీ ముందు మాత్రం
ఎప్పుడూ పోలీసు జీపు ఆగినట్టే ఉంటుంది.

ఎన్ని పోకడలు వచ్చినా
వీధి వైపు కిటికీ జోలికి ఎవరూ పోరు.
అక్కడ పాత లెక్కే.
కొడుక్కి ఒక గని కార్మికుడు,
కూతురికి ఒక దేవదూత,
జానెడు చెక్కబొమ్మలు, చేతికొక కొవ్వొత్తి చొప్పున.
తాతల నాడు వెండి గనుల్లోకి
చీకటితో దిగి చీకటితో పైకొచ్చేవాళ్ళు,
చలికాలమంతా సూర్యుడి మొహం ఎరగకుండా.
ఇంటికి నడిచొస్తూ దూరం నుంచే
ఎవరి దీపాలు వాళ్ళు లెక్కపెట్టుకునేవాళ్ళట.
లెక్క సరిపోయాకే
బూట్ల మంచు దులుపుకునేవాళ్ళట.

ఊలిష్ వాళ్ళ కిటికీలో ఇద్దరు గని కార్మికులు.
టీలో, ఫైట్.
గడ్డంలో తెల్ల వెంట్రుకలొచ్చిన ఆ పిల్లలకి
ఏటా కొత్త కొవ్వొత్తులు పెడుతుంది సిగ్రూన్.

నిన్న ఒక పార్సిల్ వచ్చింది,
బొమ్మలు చెక్కే హార్ట్‌మూట్ దుకాణం నుంచి.
పిచ్చుకంత బరువు.
పేరు: ఎల్ఫీ ఊలిష్.

ఆ ఇంట్లో ఆ పేరు గలవాళ్ళు లేరు.
రూలు ప్రకారం నీలం చీటీ అంటించి వెనక్కి పంపాలి.
చీటీ తీశాను కూడా.
జిగురు చలికి గడ్డకట్టింది.
సరే, అడిగే పోదామని బెల్లు కొట్టాను.

సిగ్రూన్ పేరు చదివింది,
వేలు పెట్టి, ఒక్కో అక్షరం.
"ఇంకొకరి చేతిరాతలో ఎలా ఉంటుందో చూద్దామని
అలా రాయమన్నాను" అంది.

గుమ్మంలోనే విప్పింది.
రంపపు పొట్టు నా బూట్ల మీద రాలింది.
దేవదూత.
రెక్కలకి బంగారు అంచు, గౌను నిండా నీలిపూలు,
మొహం మాత్రం ఉత్త చెక్క.

"రంగు వెయ్యడం మర్చిపోయాడా ముసలాయన?"
అనేసి, ఎందుకో తెలియకుండానే నాలుక కరుచుకున్నాను.

"కళ్ళు ఏ రంగు అని అడిగాడు.
నాకేం తెలుసు?
నలభై ఒక్క ఏళ్ళ కిందట
గుడ్డ చుట్టి అటునుంచి అటే తీసుకుపోయారు.
చూడకపోతే తొందరగా మర్చిపోతావన్నారు."

వంటింట్లో ఏదో మాడుతోంది.
ఇద్దరం కదల్లేదు.

నాకు చేతనైంది ఒక్కటే.
పుస్తకం తెరిచి సంతకం అడిగాను.
అందుకున్నవారి గడిలో తన పేరు రాసింది.
పక్కన ఇంకో గడి ఉంటుంది,
'చిరునామాదారుకు ఏమవుతారు' అని.
దాన్ని ఎవరూ నింపరు.
ఆవిడ నింపింది.

ఇవాళ కొత్తగా చేరిన కుర్రాడికి వీధులు చూపిస్తున్నాను.
ఊలిష్ వాళ్ళింటి దగ్గర ఆగి
"పిల్లలెంతమంది?" అన్నాడు.
కిటికీ చూసుకో, అన్నాను.

మంచులో నిలబడి వేళ్ళు మడిచాడు.
"ఆరు మంటలున్నాయి."
మనిషికి రెండు చేతులు, అన్నాను.